ఆంద్రే వేయ్ : అలీగఢ్ నుండి రూవాఁ కారాగారం దాకా

ఆంద్రే వేయ్ 1906 మే 6వ తేదీన పారిస్ నగరంలో ఒక యూదు వైద్యుని ఇంట జన్మించినారు. తత్త్వవేత్తగా ప్రసిద్ధి గాంచిన సిమోన్ వేయ్ ఆయన చెల్లెలు. పదహారవ ఏట ఎకోల్ నార్మాల్ విద్యాసంస్థలో ప్రవేశించి, గణితంతోపాటు సంస్కృతం అభ్యసించి భగవద్గీతను మూలంలోనే చదివినారు. గణితజ్ఞులకు కావ్యం రుచించదని తరచు వినబడే మాటకు ఇంతకన్న జవాబు అక్కరలేదు.

1928లో డాక్టరేటు పొందిన ఈ యువకునికి సంస్కృత పండితుడు సిల్వాఁ లేవీ మూలంగా సయ్యద్ రాస్ మసూద్ గారితో పరిచయం కలిగినది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనుమడైన మసూద్ గారు అంతకు పూర్వం హైదరాబాదు సంస్థానంలో విద్యాశాఖాధిపతి. ఉర్దూ బోధనాభాషగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయ నిర్మాణంలో పాలుపంచుకొన్న మహనీయుడు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ ఉపకులపతి హోదాలో ఆయన మొదట ఫ్రెంచి సంస్కృతిని బోధించే పదవిని తలపోసి, తుదకు గణితాచార్య పదవినే ఇచ్చినారు. 1930లో ఇరువదిమూడేండ్ల వేయ్ శాఖాధిపతి అయినారు! విజయరాఘవన్, కోశాంబి వంటి ప్రతిభావంతులను చేరదీసినారు. శాఖను సమూలంగా మార్చబూనిన ఆ తొందర అందరికీ నచ్చలేదు. 1932లో ఆయన ఉద్యోగం పోయినది.

1939లో యుద్ధం వచ్చినప్పుడు ఆయన ఫిన్లండులో ఉన్నారు. స్వధర్మమును గూర్చి గీత చెప్పినది తనకు గణితమే గాని ఖడ్గం కాదని ఆయన అర్థం చేసికొన్నారు. ఈ అన్వయాన్ని మన పండితులందరూ అంగీకరించరు. అర్జునునికి జరిగిన బోధ వేరు. గూఢచారి అన్న అనుమానంతో అక్కడ నిర్బంధింపబడి, స్వదేశం చేరి, సైన్యంలో చేరలేదన్న నేరంపై 1940లో రూవాఁ నగర కారాగారంలో పడినారు.

ఆ గదిలోనే ఆయన జీవితంలోని పెద్ద సిద్ధాంతం రూపు దాల్చినది. దానిని ఒక చిన్న ఉదాహరణతో గ్రహించవచ్చును. సున్న నుండి ఆరు వరకు ఏడే సంఖ్యలున్న లోకం ఊహించండి. వారంలో దినాలవలె, ఆరు దాటగానే మరల సున్న వచ్చును. దీనిని పరిమిత క్షేత్రమందురు. ఒక సంఖ్య ఘనంలోనుండి ఆ సంఖ్యనే తీసివేయగా వచ్చినది మరొక సంఖ్య వర్గానికి సమానం కావలెను. ఇట్టి జంటలు ఏడు. అనంత బిందువుతో ఎనిమిది. ఇట్టి వక్రాలలో బిందువుల సంఖ్య ఎనిమిదికి ఎంత దూరం పోగలదన్నదే ప్రశ్న. ప్రతి వక్రానికి ఒక లాక్షణిక బహుపది కలదు. దాని మూలాల పరిమాణం సరిగా ఏడు యొక్క వర్గమూలమే. ఈ ఎలిప్టిక్ వక్రాల విషయం హాస్సే అనే జర్మను గణితజ్ఞుడు అంతకుముందే నిరూపించినాడు. వేయ్ దానిని పరిమిత క్షేత్రాలపై సమస్త వక్రాలకు విస్తరింపజేసినారు. మన ఉదాహరణలో మూలం వర్గం ఋణ ఏడు, నాల్గవ ఘాతం నలుబదితొమ్మిది. ఇట్లు ఏదో ఒక ఘాతంలో మూలాలన్నీ ధన పూర్ణసంఖ్యలయ్యే వాటిని సూపర్‌సింగ్యులర్ అని వ్యవహరింతురు.

అయితే ఆ ఏప్రిల్‌లో అచ్చయిన చిన్న ప్రకటనలో కీలకమైన ఒక మెట్టుకు నిరూపణ లేదు. మే 3న ఐదేండ్ల శిక్ష పడినది. సైన్యంలో చేరుటకు ఒప్పుకొనగా అది నిలిచినది. 1941లో అమెరికా చేరినారు. ఆ లోటు పూరించుటకు బీజీయ జ్యామితి పునాదులనే తిరిగి కట్టవలసి వచ్చి, 1946లో ఒక ఉద్గ్రంథం, 1948లో ఆబెలియన్ వెరైటీలపై మరొకటి వెలువరించినారు. చెరసాలలో పలికిన మాట చెల్లించుటకు ఎనిమిదేండ్లు పట్టినది. 1949లో ఆయన చేసిన మరింత విశాలమైన ప్రతిపాదనల చివరి భాగాన్ని 1974లో దెలీన్ నిరూపించినాడు. లాక్షణిక బహుపది నుండే ఆబెలియన్ వెరైటీల ఐసోజెనీ వర్గాన్ని గుర్తించవచ్చునని 1966లో టేట్, ఏ బహుపదులు రాగలవో 1968లో హోండా తేల్చినారు.

ప్రిన్స్‌టన్‌లో 1958 నుండి పనిచేసి, 1998 ఆగస్టు 6న అక్కడనే కన్నుమూసినారు. 1991లో వెలువడిన ఆత్మకథలో భారతదేశ నివాసానికి ఆయన ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించినారు.