హిందూస్థాన్ పటం గీసిన రెన్నెల్



సోషల్ పరీక్షలో మ్యాపు పాయింటింగ్ అంటే మనలో చాలామందికి భయం. నాకూ భయమే. కానీ ఆ మ్యాపుల వెనక ఎంత కష్టం ఉందో తెలిస్తే కొంచెం ఇష్టం కూడా పుడుతుంది. అందుకే ఈసారి భారత భూగోళశాస్త్ర పితామహుడని పేరు పొందిన జేమ్స్ రెన్నెల్ గురించి రాస్తున్నాను.

రెన్నెల్ 1742 డిసెంబరు 3న ఇంగ్లండులో డెవన్ ప్రాంతంలో చడ్లీ అనే ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి సైన్యంలో కెప్టెన్. రెన్నెల్ చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడే ఆయన చనిపోయాడు. ఆ ఊరి చర్చి ఫాదరు పిల్లవాణ్ణి చేరదీసి పెంచాడు. అంటే రెన్నెల్ కూడా మనలాగే అమ్మానాన్నలకు దూరంగా పెరిగినవాడే. 1756లో, పద్నాలుగేళ్ళు నిండకముందే ఓడ ఎక్కి నౌకాదళంలో చేరాడు. అక్కడే కొలవడం, పటాలు గీయడం నేర్చుకున్నాడు.

తర్వాత మన దేశానికి వచ్చి ఈస్టిండియా కంపెనీలో చేరాడు. 1764లో బెంగాల్ నదులను, దారులను కొలిచే పని ఆయనకు అప్పగించారు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్ళే! 1765లో బెంగాల్ పన్నులు వసూలు చేసుకునే హక్కు కంపెనీకి వచ్చింది. పన్ను వసూలుకైనా, సైన్యం నడవడానికైనా పటం కావాలి గదా. 1767లో ఆయన్ను బెంగాల్ సర్వేయర్ జనరల్‌గా నియమించారు.

పని తేలిక కాదు. పడవల మీద, అడవి దారుల్లో తిరగాలి. జ్వరాలు వదిలేవి కావు. 1766లో భూటాన్ సరిహద్దు దగ్గర సన్యాసుల దండు కత్తులతో ఆయన మీద పడింది. ఒళ్ళంతా గాయాలు. దగ్గరలో డాక్టరు లేడు. పడవలో వేసి రోజుల తరబడి ప్రయాణం చేయించి ఢాకాకు చేర్చారు. బతికాడు గానీ కుడిచేయి మళ్ళీ మునుపటిలా కాలేదు. అయినా పటాలు గీయడం మానలేదు. 1777లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాడు. 1779లో బెంగాల్ అట్లాసు, 1782లో హిందూస్థాన్ పటం అచ్చువేశాడు. దేశమంతా ఆయన తిరగలేదు. సైన్యాలు నడిచిన దారుల లెక్కలు, ఇతరులు కొలిచినవి అన్నీ కలిపి ఆ పటం తయారుచేశాడు.

ఆ కాలంలో పటాన్ని రాగిరేకు మీద చెక్కేవారు. రేకుకు సిరా పూసి కాగితం మీద అచ్చు తీస్తే నల్లగీతలు మాత్రమే వచ్చేవి. రంగులు ఒక్కొక్క కాపీకీ కుంచెతో చేత్తో వేసేవారు. రెన్నెల్ రాష్ట్రాల విభజనకు అక్బరు కాలపు సుబాల హద్దులను తీసుకున్నాడు. ఎందుకంటే అవి జనం మనసుల్లో నిలిచిపోయిన హద్దులు. అప్పుడు ఏ భాగం ఎవరి పాలనలో ఉందో మాత్రం రంగులతో చూపించాడు. అంటే గీత పాతది, రంగు కొత్తది అన్నమాట!

ఆ రంగులు ఎన్నాళ్ళో నిలవలేదు. ఉత్తర సర్కారులు కంపెనీకి 1766 నాటి ఒప్పందంతో వచ్చాయి గానీ, గుంటూరు 1788లో గాని చేతికి రాలేదు. 1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను సగం రాజ్యం పోగొట్టుకున్నాడు. ఆ సంధి ప్రకారం కొత్త హద్దులు చూపిస్తూ రెన్నెల్ మళ్ళీ ఇంకో పటం వేయాల్సి వచ్చింది. పొలాలు, కొండలు, ఏరులు ఉన్నచోటనే ఉన్నాయి. రంగు మాత్రం మారింది.

ఇప్పుడు అసలు సంగతి. బీరారు, గోల్కొండ, ఒరిస్సా, సర్కారులు, ఈ నాలుగింటి మధ్య తన పటంలో సుమారు 300 మైళ్ళ పొడవు, 250 మైళ్ళ వెడల్పు ఖాళీ ఉందని రెన్నెల్ తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఆ ఖాళీ ఎవరిదో తెలుసా? మన గోండుల, కోయల అడవులు, కొండలు ఉన్న వైపే! ఖాళీ అంటే మనుషులు లేరని కాదు. కొలిచేవాడు అక్కడిదాకా పోలేదని. తెలియనిచోట ఏదో ఒకటి గీసి నింపకుండా వదిలేశాడు, అది ఆయన నిజాయితీ. కానీ ఆ కాగితం చూసినవాళ్ళకు మన తాతల ఊళ్ళు కనబడలేదు.

రెన్నెల్ 1830 మార్చి 29న, 87 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. లండనులో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. ఆ తర్వాతా రంగులు మారుతూనే ఉన్నాయి. 2000లో ఛత్తీస్‌గఢ్, 2014లో తెలంగాణ వచ్చాయి. అదే 2014లో ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాయి. ఒకే కోయమాట మాట్లాడే చుట్టాలు ఇవాళ నాలుగు రాష్ట్రాల్లో ఉన్నారు.

మిత్రులారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి పటం ఒకటి గీసుకొని రండి. వాగు, గుట్ట, చింతచెట్టు, బడి, పోడు దారి అన్నీ పెట్టండి. వాటి పేర్లు అవ్వలను, తాతలను అడిగి మన భాషలోనే రాయండి. వార్డెన్ సార్ అనుమతిస్తే వచ్చే నెల ఈ గోడ మీదే అన్నీ అంటిద్దాం.

- పదో తరగతి విద్యార్థి