తన కళ్ళకే పరీక్ష పెట్టిన డాల్టన్

డాల్టన్ అనగానే మనకు పరమాణు సిద్ధాంతమే యాదికొస్తది. పరీక్షలో పాయింట్లు రాసి మర్చిపోతాం. కానీ ఆయన కళ్ళ కథ మనలో చాలామందికి తెల్వదు.

జాన్ డాల్టన్ 1766లో ఇంగ్లండ్‌లోని ఈగిల్స్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి బట్టలు నేసేవాడు. ఇంట్లో పేదరికం. పన్నెండేళ్ళకే డాల్టన్ ఊరి పిల్లలకు బడి చెప్పాడు. అంటే మన ఏడో తరగతి పిల్లగాని వయసు! 1781లో కెండాల్ పట్నం పోయి అన్నతో కలిసి బడిలో పని చేశాడు.

అక్కడ ఆయనకు జాన్ గాఫ్ అనే గురువు దొరికాడు. గాఫ్‌కు చిన్నతనంలోనే మశూచి వచ్చి చూపు పోయింది. అయినా మొక్కలను చేత్తో తడిమి, వాసన చూసి పేర్లు చెప్పేవాడు. డాల్టన్‌కు లెక్కలు, లాటిన్, గ్రీకు నేర్పింది ఈ చూపులేని సారే. రోజూ వాతావరణం రాసిపెట్టుకునే అలవాటు కూడా ఆయన దగ్గరే అబ్బింది. 1787లో మొదలుపెట్టిన ఆ రాతను డాల్టన్ చనిపోయే ముందు రోజు దాకా ఆపలేదు.

1792లో ఒక వింత జరిగింది. గులాబీ రంగు జెరేనియం పువ్వు పగటిపూట డాల్టన్‌కు ఆకాశం రంగులో కనబడింది. రాత్రి కొవ్వొత్తి వెలుగులో అదే పువ్వు ఎర్రగా కనబడింది. స్నేహితులను అడిగితే తమకు అంత తేడా లేదన్నారు. అన్న ఒక్కడు మాత్రం తనకూ అట్లనే ఉందన్నాడు. ఇది కుటుంబంలో వచ్చే లక్షణమేమోనని డాల్టన్‌కు అప్పుడు తట్టింది. ఆయన దాచుకోలేదు, సిగ్గుపడలేదు. 1794లో మాంచెస్టర్‌లో పండితుల సభలో తన చూపు గురించి వ్యాసం చదివాడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని ఈ చూపును ఇప్పటికీ కొన్ని భాషల్లో డాల్టనిజం అనే అంటారు.

1834లో రాజుగారి దర్శనానికి ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ ఎర్రటి గౌను వేసుకుపోయాడు. ఆయన మతస్థులైన క్వేకర్లు అట్లాంటి రంగులు వేసుకోరు. ఆయనకేమో అది ఎర్రగా కనబడనే లేదు!

తన కంట్లోని ద్రవం నీలంగా ఉందని, అందుకే రంగులు తేడాగా కనబడుతున్నాయని డాల్టన్ అనుకున్నాడు. చనిపోయాక తన కళ్ళు కోసి చూడమని చెప్పాడు. 1844లో ఆయన పోయాక డాక్టరు చూశాడు. ద్రవం నీళ్ళలా తేటగా ఉంది. డాల్టన్ ఊహ తప్పని తేలింది. కానీ ఆ కళ్ళను పారేయకుండా దాచారు. నూటయాభై ఏళ్ళ తర్వాత వాటి నుంచి జన్యుపదార్థం తీసి పరీక్షించి, 1995లో ఫలితం ప్రకటించారు. ఆకుపచ్చ వెలుగును పట్టే వర్ణకానికి సంబంధించిన జన్యువు ఆయనలో లేదు. ఈ లోపం తల్లి ద్వారా కొడుక్కు వస్తుంది. అందుకే మగపిల్లల్లో ఎక్కువ.

కథ ఇంకా అయిపోలేదు. దక్షిణ అమెరికాలో స్క్విరల్ మంకీ అనే చిన్న కోతులుంటాయి. వాటిలో మగవన్నీ పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివే. అమెరికాలో శాస్త్రవేత్తలు రెండు కోతులకు తెర మీద రంగు చుక్కలను తాకడం నేర్పారు. సరిగ్గా తాకితే పండ్ల రసం ఇచ్చేవారు. ఆ తర్వాత మనిషి జన్యువును వాటి కళ్ళలోకి పంపారు. కొన్ని నెలలకు అవి అంతకుముందు గుర్తుపట్టని రంగులను గుర్తుపట్టాయి. ఇది 2009లో వెలువడింది. ఆ కోతుల్లో ఒకదాని పేరేంటో తెలుసా? డాల్టన్!

మిత్రులారా, ఒక మాట ఒప్పుకోవాలి. కూరగాయలు కోసే రోజు మన గదిలోని ఒకడు పండు టమాటాలకు బదులు పచ్చివి ఏరి తెచ్చాడు. గుడ్డోడా అని అందరం నవ్వినం. నేనూ నవ్విన. ఇది రాస్తుంటే నాకు సిగ్గయింది. వాడు గుడ్డోడు కాదు, వాని కళ్ళు డాల్టన్ కళ్ళలాంటివి కావచ్చు.

వార్డెన్ సారూ, కంటి డాక్టర్లు వచ్చినప్పుడు రంగు చుక్కల పుస్తకంతో కూడా మమ్మల్ని చూపించండి. రైలు నడిపే ఉద్యోగానికి రంగులు గుర్తుపట్టాలి. ఇంటర్వ్యూ దాకా పోయి ఏడ్చేకంటే ఇప్పుడే తెలుసుకుంటే వేరే దారి చూసుకోవచ్చు. రంగులు సరిగా కనబడని డాల్టనే కదా మనకు పరమాణువును చూపించింది!

– 9వ తరగతి విద్యార్థి