మార్పు తెచ్చిన దివాను

1853లో మొదటి సాలార్ జంగు ఇరువదినాలుగేండ్ల వయసున హైదరాబాదు దివాను పదవి చేపట్టునాటికి ఖజానా వట్టిపోయి యుండెను. పన్నులను గుత్తకు పుచ్చుకొన్న తాలూకుదారులు రైతులను పీడించుచుండిరి. ఆయన గుత్తలను క్రమముగా రద్దుచేసి, జీతముపై ఉద్యోగులను నియమించెను. 1865లో జిల్లాబందీతో రాజ్యమును జిల్లాలుగా ఏర్పరచెను. అయినను జిల్లాధికారికి తాలూకుదారు అను పాత పేరే నిలిపెను.

తరతరములుగా లెక్కలు వ్రాయుచున్న దఫ్తరుదార్లను తొలగింపలేదు. వారి గౌరవమర్యాదలను ఉండనిచ్చి, పనిని మాత్రము మెల్లగా కొత్త కచేరీలకు మరల్చెను.

కొత్త శాఖలకు ఉత్తర హిందూస్థానమునుండి విద్యావంతులను రప్పించెను. ఇది స్థానికులకు కంటగింపయ్యెను. 1883లో దివాను మరణించిన పిమ్మట అదియే ముల్కీ వివాదమై ముదిరెను. పాత కొలువుల కూడు తీయక మార్పు తెచ్చిన ఆయనకును, కొత్త కొలువులలో చోటు దొరకనివారి మనసు నూరడించుట సాధ్యము కాలేదు.