తేలే మంచు లెక్క తేల్చిన ఆర్కిమెడిస్

గ్లాసులో మంచుముక్క వేసి, అంచు వరకు నీరు పోస్తే ముక్క కొంత పైకి తేలి కనిపిస్తుంది. అది కరిగితే నీరు పొర్లిపోతుందని చాలామంది భావిస్తారు. కానీ ఒక్క చుక్క కూడా పొర్లదు. ఈ వింతకు మూలమైన సూత్రాన్ని సుమారు 2,200 ఏళ్ల క్రితమే వెల్లడించిన మేధావి ఆర్కిమెడిస్.

క్రీస్తు పూర్వం 287 ప్రాంతంలో సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ నగరంలో ఆయన జన్మించారు. తండ్రి ఫిడియాస్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. రాజు రెండవ హీరో కిరీటంలోని కల్తీని స్నానపు తొట్టె సాయంతో పసిగట్టారన్న కథ లోకప్రసిద్ధం. అయితే అది సుమారు రెండు శతాబ్దాల తర్వాత రోమన్ రచయిత విట్రూవియస్ చెప్పినది. ఆర్కిమెడిస్ స్వయంగా రచించినది తేలే వస్తువులపై రెండు భాగాల గ్రంథం.

తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువు గల నీటిని తొలగిస్తుందన్నది అందులోని సారాంశం. మంచు కరిగితే వచ్చే నీటి బరువు ఆ మంచు బరువే. అందుకే ఆ నీరు మంచు తొలగించిన చోటులోనే సరిగ్గా ఇమిడిపోతుంది. పడవలోని రాయిని చెరువులో జారవిడిస్తే నీటిమట్టం స్వల్పంగా తగ్గడానికీ ఇదే కారణం. పడవలో ఉన్నంతసేపు రాయి తన బరువుకు తగినంత నీటిని తొలగిస్తుంది. మునిగాక తన పరిమాణమంత నీటినే తొలగిస్తుంది.

క్రీస్తు పూర్వం 214లో రోమన్లు సిరక్యూస్‌ను ముట్టడించారు. ఆర్కిమెడిస్ రూపొందించిన యంత్రాలు శత్రువును చాలాకాలం నిలువరించాయి. 212లో నగరం పతనమైనప్పుడు, ప్రాణాలతో పట్టుకోవాలన్న సేనాని మార్సెల్లస్ ఆదేశానికి విరుద్ధంగా ఒక సైనికుడు ఆయనను సంహరించాడు.

ఆయన గ్రంథానికీ ఆపద తప్పలేదు. పదవ శతాబ్దపు ప్రతిలోని అక్షరాలను పదమూడవ శతాబ్దంలో గీకివేసి, ఆ తోలుపత్రాలపై ప్రార్థనలు రాసుకున్నారు. 1906లో డెన్మార్క్ పండితుడు హైబర్గ్ కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ మరుగుపడిన రాతను గుర్తించారు. తేలే వస్తువుల గ్రంథానికి గ్రీకు మూలం లభించినది ఆ ప్రతిలోనే.

నేడు సముద్రమట్టం గురించిన చర్చకూ ఆ సూత్రమే ఆధారం. ఉత్తర ధ్రువ సముద్రంపై తేలుతున్న మంచు కరిగినా మట్టం దాదాపు మారదు. గ్రీన్‌లాండ్‌లో నేలపై పేరుకున్న మంచు అలా కాదు. అది పూర్తిగా కరిగితే ప్రపంచ సముద్రాలు సుమారు 7 మీటర్లు పెరుగుతాయి. తీరప్రాంత వాసులు భయపడవలసినది తేలే మంచుకు కాదు, నేల విడిచి కడలిలో కలిసే మంచుకే.