సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. రామన్ ఫలితంపై చేసిన పరిశోధనలకూ, స్ఫటికాల ధర్మాలకు సమూహ సిద్ధాంతాన్ని అన్వయించడానికీ పేరుపొందాడు. పరిపాలకుడిగానే ఆయనను ఎక్కువమంది ఎరుగుదురు గాని, అయస్కాంత స్ఫటికాలపై ఆయన చేసిన కృషి అంతకంటె తక్కువది కాదు.

బాల్యం, విద్య

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించాడు. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రుడై, 1928లో కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ వద్ద పరిశోధనకు చేరాడు. రామన్ ఫలితం వెలువడినది ఆ సంవత్సరమే. 1931లో గురుశిష్యులిద్దరూ కలసి ఫోటానుకు స్పిన్ ఉన్నదనడానికి ప్రయోగపూర్వకమైన నిదర్శనం ప్రకటించారు.

వాల్తేరులో

1932లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకుడుగా చేరాడు. అక్కడ గణితవేత్త టి. వేంకటరాయుడుతో కుదిరిన స్నేహం ఆయన పరిశోధనను మలుపు తిప్పింది. ఒక స్ఫటికాన్ని ఎన్ని విధాలుగా తిప్పినా, అద్దంలో చూసినా మునుపటిలాగే కనిపిస్తుందో, ఆ మార్పులన్నీ కలసి ఒక సమూహమవుతాయి. ఆ సమూహం తెలిస్తే ఏ కంపనాలు రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో ముందుగానే చెప్పవచ్చు. ఇరువురూ ఈ విషయంపై 1939లో పరిశోధన పత్రాన్నీ, 1948లో ఆంగ్లంలో గ్రంథాన్నీ వెలువరించారు.

పదవులు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగానూ (1952-57), బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడుగానూ (1957-62), రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగానూ (1961-69) పనిచేశాడు. ఇన్ని బాధ్యతల నడుమ ప్రయోగశాలలో కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. సమూహ సిద్ధాంతానికి కాగితం, కలం చాలు. ఆయన పరిశోధన ఆగిపోకపోవడానికి అది కొంత కారణం కావచ్చు.

అయస్కాంత స్ఫటికాలు

1964లో పి.వి. పంతులుతో కలసి అయస్కాంత సౌష్ఠవంపై పత్రం ప్రచురించాడు. 1966లో లండను నుండి వెలువడిన స్ఫటిక సౌష్ఠవ గ్రంథంలోనూ ఈ విషయాన్ని చర్చించాడు. పరమాణువు అయస్కాంత భ్రామకాన్ని ఒక చిన్న విద్యుత్ వలయంగా ఊహించుకుంటే, కాలాన్ని వెనుకకు నడిపినపుడు ప్రవాహం ఎదురు తిరిగి భ్రామకం తలక్రిందులవుతుంది. అందువలన అయస్కాంత స్ఫటికాలకు కాల విపర్యయాన్ని కూడా సౌష్ఠవ క్రియగా లెక్కించాలి. అప్పుడు 32 స్ఫటిక వర్గాలు 122 అవుతాయి. వీటిలో 31 వర్గాలు మాత్రమే ఫెర్రో అయస్కాంతత్వానికి అవకాశమిస్తాయి.

క్రోమియం ఆక్సైడు ఇందుకు మంచి ఉదాహరణ. సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దిగువకు చల్లారితే అందులో ప్రావస్థ పరివర్తన జరిగి, భ్రామకాలు ఒకటి పైకి, ఒకటి క్రిందికి అమరుతాయి. మొత్తం అయస్కాంతత్వం శూన్యమే. అయినా విద్యుత్ క్షేత్రం ప్రయోగిస్తే అయస్కాంతత్వం పుడుతుంది. దీనిని సౌష్ఠవం ఆధారంగా రష్యాలో జ్యాలోషిన్‌స్కీ 1959లో ఊహించగా, 1960లో ఆస్ట్రోవ్ ప్రయోగంలో చూపాడు. ఏయే వర్గాలలో ఇటువంటి ధర్మాలు సాధ్యమో, వాటిని వర్ణించడానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో లెక్కగట్టే మార్గాన్ని భగవంతం విద్యార్థులకు అందేలా వివరించాడు.

సౌష్ఠవం ఏది సాధ్యమో చెబుతుంది గాని, ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎంత పరిమాణంలో అన్నది చెప్పదు. ముక్కోణపు జాలకం గల పలుచని పొరలలో ఈ పరిమితి బాగా తెలుస్తుంది. ఇరుగుపొరుగు భ్రామకాలు ఎదురెదురుగా ఉండాలంటే, త్రిభుజంలో రెండు కుదిరినా మూడవదానికి దిక్కు తోచదు. కొన్ని పదార్థాలలో అవి 120 డిగ్రీల కోణంలో సర్దుకుంటాయి. అటువంటి అమరికలను వర్గీకరించడానికి సమూహాల పట్టికలు నేటికీ అక్కరకు వస్తున్నాయి. క్వాంటం చాంచల్యం వలన ఏ అమరికా ఏర్పడని చోట మాత్రం అవి చాలవు.