ఫ్లారెన్సు నైటింగేల్ జీవితము: పరిచర్యావృత్తికి ఆమె చూపిన మార్గము

అన్నదానము, విద్యాదానము గొప్పవని మన పెద్దలు చెప్పుదురు. ప్రాణాపాయములో నున్నవాని మంచము చెంత రాత్రియెల్ల మేల్కొని యుండి అతనిని బ్రతికించుకొనుట వానికి తీసిపోని దానము. పూర్వము ఈ సేవను ఇంటి ఆడువారు ప్రేమచే చేయుచుండిరి. దానికొక శాస్త్రము కలదనియు, శిక్షణము కావలెననియు, అది గౌరవముతో జీవింపదగిన వృత్తి యనియు లోకమునకు తెలిపినవారిలో అగ్రగణ్యురాలు ఫ్లారెన్సు నైటింగేల్. ఆ వృత్తిని చేపట్టగోరు మన యువతీయువకులకు ఉపకరించునను తలంపుతో ఆమె చరిత్రమును ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

ఆమె 1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే ఆమెకు పెట్టిరి. తల్లిదండ్రులు ఇంగ్లండుకు చెందిన సంపన్నులు. తండ్రి తన ఇద్దరు కుమార్తెలకు తానే గ్రీకు, లాటిను భాషలు, చరిత్రము, తత్త్వశాస్త్రము నేర్పెను. ఫ్లారెన్సుకు గణితమునందు మిక్కిలి మక్కువ. పదునాఱేండ్ల వయస్సున, 1837లో, భగవంతుడు తన్ను సేవకు పిలుచుచున్నాడని ఆమెకు తోచెను. ఆ సేవ యెట్టిదో తేల్చుకొనుటకు మాత్రము పెక్కేండ్లు పట్టెను.

1845లో సాలిస్‌బరీ ఆసుపత్రిలో కొన్నినెలలుండి పరిచర్య నేర్చుకొందునని ఆమె కోరగా ఇంటిలో అందఱును అడ్డుపడిరి. నాటి ఆసుపత్రులు మురికికూపములు. అచటి పరిచారికలలో పలువురు చదువు లేనివారు, మద్యపానమునకు అలవాటుపడినవారు అని లోకములో అపకీర్తి యుండెను. గొప్పింటి బిడ్డ అట్టి చోట అడుగిడుట కులగౌరవమునకు భంగమని పెద్దల భయము. ఆమె ఎదిరించి ఇల్లు విడువలేదు. ఆశను విడువనూ లేదు. తెల్లవారుజామున లేచి ఆసుపత్రుల నివేదికలను తెప్పించుకొని చదివెను. తన్ను వివాహమాడగోరిన యోగ్యుని సైతము కాదనెను. తుదకు 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్తునందు మూడు మాసములు శిక్షణము పొందెను. 1853లో లండను నగరమున రోగపీడితులైన స్త్రీల కొఱకు నడుపబడు చిన్న వైద్యశాలకు అధికారిణియైనపుడు ఆమె వయస్సు 33 ఏండ్లు.

మరుసటి యేట క్రిమియా యుద్ధములో ఇంగ్లండు చేరెను. గాయపడిన సైనికులు దిక్కులేక చనిపోవుచున్నారని పత్రికలు వ్రాయగా దేశమంతయు కలత చెందెను. యుద్ధ వ్యవహారముల మంత్రి సిడ్నీ హెర్బర్టు ఆమెను వేడుకొనెను. 1854 అక్టోబరు 21న 38 మంది పరిచారికలతో బయలుదేరి, నవంబరు 4న ఆమె టర్కీలోని స్కుటారి చేరెను. ఆ 38 మందిలో 14 మంది ఆసుపత్రులలో పనిచేసినవారు. తక్కినవారు మతసంఘములకు చెందిన సోదరీమణులు.

అచటి సైనికవైద్యులకు ఆడువారి రాక రుచింపలేదు. ఆమె కలహింపలేదు. వైద్యులు కోరునంతవఱకు రోగుల యొద్దకు పోవలదని తనవారిని ఆజ్ఞాపించి, పట్టీలు కుట్టించుచు కాచుకొని యుండెను. ఇంకర్‌మన్ యుద్ధమునుండి క్షతగాత్రులు కుప్పలుగా రాగా వైద్యులే ఆమెను పిలిచిరి. ఆమె పత్రికానిధి సొమ్ముతో దుప్పట్లు, చొక్కాలు, పాత్రలు కొనెను. వేడినీటితో బట్టలుతికించు ఏర్పాటు చేసెను. రోగులకు తగిన పథ్యము వండించెను. రాత్రివేళ దీపము చేతబట్టి మైళ్ల పొడవున పఱచిన పడకల నడుమ తిరుగుచుండుటచే సైనికులామెను దేవతగా భావించిరి. దీపధారిణి యను బిరుదు అట్లు కలిగినది.

అయినను ఆమె గొప్పతనము దీపముతో ముగియలేదు. ఇంత శ్రమపడినను ఆ శీతకాలమున మరణములు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో రోగులలో నూటికి 42 మంది మరణించిరి. ఆసుపత్రి భవనము పూడిపోయిన మురుగుకాలువలపై నిలిచియుండెను. మార్చిలో వచ్చిన ఆరోగ్యసంఘము వారు కాలువలను కడిగించి, నీటిని శుభ్రపరచి, గాలి యాడునట్లు చేసిరి. జూను నాటికి మరణములు నూటికి 2కు దిగినవి. ఆకలిచేతను, ఆలస్యముగా వచ్చుటచేతను సైనికులు చనిపోయిరని ఆమె మొదట నమ్మియుండెను. 1857లో గణాంకవేత్త విలియం ఫార్ సాయముతో లెక్కలు తీయగా అసలు కారణము మురికి యని తేలెను. తాను పాటుపడిన ఆసుపత్రియే వేలమంది చావునకు చోటైనదను సత్యము ఆమె కీర్తికి శోభ నిచ్చునది కాదు. అయినను దానిని దాచక, చక్రాకారపు పటములలో అంకెలను చిత్రించి, రాజ్యాధికారుల యెదుట నుంచెను. 1858లో ఆమె గణాంకశాస్త్ర సంఘమున సభ్యత్వము పొందిన మొదటి స్త్రీ యయ్యెను.

1859లో ఆమె పరిచర్యను గూర్చి చిన్న గ్రంథము వ్రాసెను. 1860లో ప్రజలిచ్చిన నిధితో లండనులోని సెయింటు థామస్ ఆసుపత్రిలో శిక్షణాలయము నెలకొల్పెను. మొదట చేరినవారు 15 మంది. శిక్షణము ఒక యేడు. వారికి భోజనవసతులు ఉచితము. సొంత ఖర్చులకు కొంత పైకమును ఇచ్చిరి. పేద కుటుంబపు పిల్ల సైతము విద్య నేర్చి, జీతము పొంది, తలయెత్తి జీవించుటకు అట్లు దారి యేర్పడినది.

మన దేశమునకు ఆమె ఎన్నడును రాలేదు. అయినను దాదాపు నలువది యేండ్లు మన దేశపు సంగతులు ఆమె మనస్సును విడువలేదు. ఇచటి ఆంగ్లసైనికులలో ఏటేట వేయింటికి 69 మంది చనిపోవుచున్నారని 1863 నాటి రాజసంఘము నివేదిక తెలుపగా, మంచినీరు, మురుగుపారుదల కావలెనని ఆమె పోరాడెను. తరువాత ఆమె చూపు గ్రామములవైపు మరలెను. మన పెద్దలు ధాత కరవని చెప్పుకొను 1876-78 నాటి క్షామములో లక్షలమంది నశింపగా, నీటిపారుదలయే దానికి మందని వాదించుచున్న ఆర్థర్ కాటన్ దొరను ఆమె బలపఱచెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన ఆ కాటన్ దొరతో ఆమె ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. 1878లో మన రైతుల అప్పులను, అగచాట్లను గూర్చి లండను పత్రికలో వ్యాసము ప్రకటించెను. ఆకలితో నున్నవానికి మందొక్కటియే చాలదని ఆమె యెఱుగును.

ఆమెయందు లోపములు లేకపోలేదు. సూక్ష్మజీవులే వ్యాధికారకములను సిద్ధాంతమును ఆమె చాలకాలము అంగీకరింపలేదు. చెడుగాలియే మూలమని నమ్మెను. పరీక్షలు పెట్టి పరిచారికల పేర్లు పట్టికలో నమోదు చేయుటను వ్యతిరేకించెను. పరీక్ష శీలమును కొలువజాలదని ఆమె వాదము. కాలము ఆ రెంటిని దాటి ముందుకు సాగినది.

ఈ వృత్తిలో ప్రవేశింపగోరువారికి ఆమె బోధ నేటికిని పనికివచ్చును. చేతులు మాటిమాటికి కడుగుకొనవలెను. రోగి ముఖమును, నిద్రను, ఆహారమును చక్కగా కనిపెట్టి, చూచినదే చూచినట్లు వైద్యునకు చెప్పవలెను, ఊహను జోడింపరాదు. గది వెలుపల గుసగుసలాడరాదు. ఉత్తుత్తి ధైర్యము చెప్పి రోగిని విసిగింపరాదు. అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి: తానున్నపుడు జరుగు పని తాను లేనపుడును జరుగునట్లు ఏర్పాటు చేయవలెను. తాను లేనిదే పని సాగదని గర్వించువాడు మంచి పనివాడు కాడు. ప్రమాదస్థలమునకు పరుగెత్తువారికైనను, ఆసుపత్రిలో రాత్రి కాపుండువారికైనను ఇది ప్రథమసూత్రము.

క్రిమియాలో పట్టిన జ్వరము ఆమె ఆరోగ్యమును చెఱచెను. తదుపరి జీవితములో అధికభాగము గదిలోనే గడపుచు, పడకనుండియే నివేదికలును, వేలకొలది లేఖలును వ్రాసెను. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను బిరుదము పొందిన ప్రథమ మహిళయై, 1910 ఆగస్టు 13న తన 90వ యేట కన్నుమూసెను. వెస్టుమినిస్టరులో సమాధి చేయుదుమన్నను బంధువులు వలదని, స్వగ్రామసీమలోని ఈస్టు వెల్లో దేవాలయప్రాంగణమున సమాధి చేసిరి. ఆమె పుట్టినదినమగు మే 12ను నేడు ప్రపంచమంతట పరిచారికల దినముగా జరుపుచున్నారు.

తెల్లవారుజామున తండ్రిగారింట దీపము పెట్టుకొని ఆసుపత్రి నివేదికలు చదివిన బాలిక స్కుటారిలో దీపము పట్టిన పరిచారిక కాగలిగెను. అంతటి మార్పునకు బీజము చదువు. మన గ్రంథాలయపు బల్లల చెంత కూర్చుండు పిల్లలలో అట్టివారు ఒకరిద్దఱు ఉదయించినను, ఇరువదియైదేండ్లుగా దీనిని పోషించినవారి శ్రమ సఫలమగును.