విల్లెం కారెల్ డికె

విల్లెం కారెల్ డికె (1905 - 1962) నెదర్లాండ్స్ దేశానికి చెందిన శిశువైద్యుడు. సీలియాక్ వ్యాధికి గోధుమ కారణమని నిరూపించినవాడు.

డార్డ్రెక్ట్ పట్టణంలో జన్మించిన ఇతడు లైడెన్‌లో వైద్యవిద్య అభ్యసించి, 1936లో హేగ్ నగరంలోని జూలియానా పిల్లల వైద్యశాలకు సంచాలకుడయ్యాడు. అప్పట్లో ఈ వ్యాధిగల పిల్లలు విరేచనాలతో చిక్కి శల్యమయ్యేవారు, కొందరు మరణించేవారు. డికె 1930వ దశకంలోనే వారికి గోధుమలేని పథ్యం ఇచ్చి చూశాడు. 1944-45 శీతాకాలపు కరువులో రొట్టె కరువైనప్పటి అనుభవం అతని అభిప్రాయాన్ని బలపరచింది. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి దీనిపై సిద్ధాంతగ్రంథం సమర్పించాడు. పిదప సహచరులతో కలసి, హానికారకం గోధుమలోని గ్లూటెన్ అని తేల్చాడు.

ఈ వ్యాధి పిల్లల నోటిలోనూ కానవస్తుంది. నోటిపూత, శాశ్వత దంతాల పింగాణీ పొరలో లోపాలు దీని చిహ్నాలు. ఒకసారి ఏర్పడిన పింగాణీ లోపం పథ్యంతో పోదు. కనుక వ్యాధిని పసితనంలోనే గుర్తించి, డికె చూపిన పథ్యాన్ని ఆరంభించుట ముఖ్యం.